గుడ్ల కోళ్ళకు అదనపు వెలుతురు

గుడ్ల కోళ్ళకు అదనపు వెలుతురు అనేది కోళ్ళ పెంపకంలో పాటించే ఒక యాజమాన్య పద్ధతి. పగటి పొద్దు తగ్గే రోజుల్లో తెల్లవారకముందు గానీ, పొద్దుగూకిన తరువాత గానీ, రెండు వేళలా గానీ కోళ్ళ గూటిలో దీపం వెలిగించి, కోడికి అందే మొత్తం వెలుతురు గంటలను పెంచుతారు. చలికాలంలో గుడ్లు తగ్గిపోవడానికి చలే కారణమని సాధారణంగా అనుకుంటారు. కానీ దక్కను పీఠభూమిలో ఉండే మోస్తరు చలిని, మేత సరిగా అందితే, కోడి తట్టుకోగలదు. గుడ్లు తగ్గడానికి ముఖ్య కారణం పగలు కురచ కావడం. అందువల్ల ఈ పద్ధతిలో దీపం పని వేడి ఇవ్వడం కాదు, పగటి నిడివిని పొడిగించడం.

ఈ పద్ధతి ముందుగా చలి దేశాల్లో వ్యాపించింది. అక్కడి సూచనలను ఉన్నవి ఉన్నట్లుగా తెలుగు ప్రాంతాల్లో పాటిస్తే మేలుకు బదులు నష్టం కలగవచ్చు. దీనికి కారణం అక్షాంశ భేదం. తెలంగాణ ఉత్తర భాగంలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని బొగ్గు గనుల ఊరు గోలేటిని ఉదాహరణగా తీసుకుని ఈ భేదాన్ని కింద వివరించడమైనది.

## వెలుతురుకూ గుడ్డుకూ సంబంధం

కోడి పూర్వీకులైన అడవి కోళ్ళు సంవత్సరమంతా గుడ్లు పెట్టవు. పిల్లలకు మేత దొరికే కాలంలోనే పెడతాయి. ఆ కాలం వస్తున్నదని పక్షికి తెలిపే నమ్మకమైన గుర్తు పగటి నిడివి. వాన, ఎండ, చలి ఏటేటా మారుతూ ఉంటాయి గానీ, ఒక ఊళ్ళో ఒక తేదీన పగలు ఎంతసేపు ఉంటుందనేది మారదు. వేల తరాల పెంపకం తరువాత కూడా ఈ లక్షణం కోడిలో మిగిలి ఉంది.

కోడి వెలుతురును కళ్ళతో మాత్రమే గ్రహించదు. పుర్రె ఎముక, చర్మం గుండా మెదడులోకి చొచ్చుకుపోయే కాంతిని హైపోథాలమస్ ప్రాంతంలోని కాంతి గ్రాహకాలు నేరుగా పసిగడతాయి. ఎరుపు, నారింజ రంగు కాంతి తరంగాలు పొడవైనవి కాబట్టి కణజాలం గుండా ఎక్కువగా లోపలికి వెళతాయి. నీలి కాంతి అంతగా వెళ్ళదు. కాంతి ప్రేరణ చాలినప్పుడు హైపోథాలమస్ విడుదల చేసే హార్మోను పీయూష గ్రంథిని ఉత్తేజపరుస్తుంది. పీయూష గ్రంథి నుంచి వెలువడే రెండు హార్మోన్లలో ఒకటి అండాశయంలోని పుటికలను పెంచుతుంది, రెండవది పండిన పుటిక నుంచి పచ్చసొన విడుదలయ్యేలా చేస్తుంది.

పక్షి శరీరంలో రోజువారీ గడియారం ఒకటి ఉంటుంది. తెల్లవారిన సుమారు 11 గంటల తరువాత మొదలై కొన్ని గంటలపాటు ఉండే వేళలో మెదడు కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. ఆ వేళలో కూడా వెలుతురు ఉంటే శరీరం దాన్ని 'పొడవైన పగలు'గా లెక్కిస్తుంది. ఆ వేళకు చీకటి పడితే 'కురచ పగలు'గా లెక్కిస్తుంది. పగలు 11, 12 గంటలకు దిగినప్పుడు గుడ్లు తగ్గుముఖం పట్టడానికీ, 14 నుంచి 16 గంటల వెలుతురులో గుడ్లు బాగా రావడానికీ ఇదే కారణం. 17 గంటలు దాటి వెలుతురు ఇచ్చినందువల్ల అదనపు ప్రయోజనం ఉండదు.

గంటల లెక్కతో పాటు మార్పు దిశ కూడా ముఖ్యం. 13 గంటలకు అలవాటు పడిన కోడికి వెలుతురు 11 గంటలకు పడిపోతే, ఆ తగ్గుదలే గుడ్లు మానమనే సూచనగా పనిచేస్తుంది. అందుకే పెంపకందార్లు రెండు సూత్రాలను పాటిస్తారు: ఎదిగే పెట్టలకు వెలుతురు పెంచకూడదు, గుడ్లు పెడుతున్న కోళ్ళకు వెలుతురు తగ్గించకూడదు.

## గుడ్డు తయారయ్యే క్రమం

పచ్చసొన అండాశయం నుంచి విడుదలై అండవాహికలోకి చేరిన తరువాత, తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, పొరలు ఏర్పడడానికి సుమారు గంటా పావు, పెంకు గట్టిపడడానికి సుమారు 20 గంటలు పడుతుంది. మొత్తం మీద ఒక గుడ్డు పూర్తి కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. గుడ్డు పెట్టిన అరగంట లోపు, చాలా సందర్భాల్లో, తరువాతి పచ్చసొన విడుదలవుతుంది.

ఈ వ్యవధి 24 గంటల కంటే కొంచెం ఎక్కువ కావడం వల్ల కోడి రోజురోజుకూ కాస్త ఆలస్యంగా గుడ్డు పెడుతుంది. ఆ ఆలస్యం మధ్యాహ్నం దాకా చేరాక ఒక రోజు విరామం వస్తుంది. మళ్ళీ ఉదయం నుంచి కొత్త వరుస మొదలవుతుంది. కాబట్టి ఎంత మంచి వెలుతురు ఇచ్చినా ఒక కోడి రోజుకు రెండు గుడ్లు పెట్టదు. దీపం చేసేది వరుసల మధ్య ఎడం పెరగకుండా చూడడం, అండాశయం పూర్తిగా విశ్రాంతిలోకి జారిపోకుండా ఆపడం మాత్రమే.

## పరిశోధన చరిత్ర

పక్షుల సంతానోత్పత్తిపై పగటి నిడివి ప్రభావాన్ని ప్రయోగపూర్వకంగా చూపినవారిలో మొదటగా చెప్పుకోదగిన వాడు విలియం రోవన్. ఈయన కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1920లలో గడ్డకట్టే చలిలో జుంకో అనే చిన్న పిట్టలను ఆరుబయట పంజరాల్లో ఉంచి, సాయంత్రం పూట దీపాల వెలుతురును రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచాడు. తీవ్రమైన చలి ఉన్నప్పటికీ ఆ పిట్టల జననాంగాలు వసంతకాలంలో వలె ఎదిగాయి. ఈ ఫలితాలు 1925లో వెలువడ్డాయి. చలి కాదు, పగటి నిడివే అసలు కారణమని దీనితో రుజువయింది.

1930లలో ఫ్రాన్సు శాస్త్రవేత్త జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాలలో, కళ్ళు పనిచేయకపోయినా వెలుతురు మెదడుకు చేరి జననాంగాలను ఉత్తేజపరుస్తుందని తేలింది. 2010లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు, కౌజు పిట్ట హైపోథాలమస్‌లో 'ఆప్సిన్ 5' అనే కాంతి గ్రాహక ప్రోటీను ఉన్నదని కనుగొన్నారు. కోడిపుంజు తెల్లవారుజామున కూయడం కేవలం వెలుతురును చూసి కాదనీ, దాని శరీరంలోని గడియారం ప్రకారమనీ అదే విశ్వవిద్యాలయం వారు 2013లో నిరూపించారు.

## గోలేటిలో పగటి నిడివి

గోలేటి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. సింగరేణి కాలరీస్ కంపెనీ బెల్లంపల్లి ఏరియా ప్రధాన కార్యాలయం గోలేటి టౌన్‌షిప్‌లో ఉంది. గని కార్మికుల క్వార్టర్ల వెనకా, చుట్టుపక్కల పల్లెల్లోనూ నాలుగైదు కోళ్ళను పెంచుకోవడం ఈ ప్రాంతంలో మామూలు విషయం. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో జిల్లాలోని కొన్ని చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది.

ఊరు సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఖగోళ గణితం ప్రకారం ఇక్కడి పగటి నిడివి ఉరమరగా ఇలా ఉంటుంది:

* మార్చి 21: సూర్యోదయం ఉదయం 6.16, సూర్యాస్తమయం సాయంత్రం 6.23, పగలు 12 గంటల 7 నిమిషాలు
* జూన్ 21: సూర్యోదయం ఉదయం 5.36, సూర్యాస్తమయం సాయంత్రం 6.54, పగలు 13 గంటల 18 నిమిషాలు
* సెప్టెంబరు 22: సూర్యోదయం ఉదయం 6.02, సూర్యాస్తమయం సాయంత్రం 6.09, పగలు 12 గంటల 7 నిమిషాలు
* డిసెంబరు 21: సూర్యోదయం ఉదయం 6.42, సూర్యాస్తమయం సాయంత్రం 5.40, పగలు 10 గంటల 58 నిమిషాలు

అంటే ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి కురచ పగటికీ మధ్య తేడా సుమారు 2 గంటల 20 నిమిషాలు. లండన్ నగరంలో ఇదే తేడా దాదాపు 9 గంటలు. అక్కడ డిసెంబరులో పగలు 8 గంటలకు లోపు, జూన్‌లో 16 గంటలకు పైన. కాబట్టి చలి దేశాల నాటు కోళ్ళు చలికాలంలో పూర్తిగా గుడ్లు మానేస్తే, గోలేటి వంటి చోట్ల గుడ్లు తగ్గుతాయి గానీ పూర్తిగా ఆగిపోవాలని లేదు. ఎక్కువ గుడ్ల కోసం ఎంపిక చేసిన సంకర జాతుల్లో ఈ తగ్గుదల ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

## దీపం ఎప్పుడు ఆపాలి

చలి దేశాల పుస్తకాల్లో తరచు కనిపించే సలహా: శరత్కాలంలో దీపం మొదలుపెట్టి, మొత్తం వెలుతురు 16 గంటలకు పెంచి, వసంతంలో పగలు పొడవయ్యాక దీపం ఆపివేయాలి. లండన్‌లో ఇది సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి పగలే 14, 15 గంటలకు చేరి, దీపం వదిలిన పనిని సూర్యుడు అందుకుంటాడు.

గోలేటిలో సూర్యుడు ఎన్నడూ 14 గంటలు ఉండడు. చలికాలంలో 16 గంటల వెలుతురు ఇచ్చి, ఎండలు వచ్చాయి కదా అని మార్చిలో దీపం ఆపితే, కోడికి అందే వెలుతురు ఒక్కసారిగా 12 గంటలకు పడిపోతుంది. పక్షి శరీరం దీన్ని శరత్కాలంగా గ్రహిస్తుంది. గుడ్లు ఆగిపోతాయి, ఈకలు రాలడం మొదలవుతుంది. అదే సమయంలో ఎండ తీవ్రత కూడా తోడై కోడి తేరుకోవడానికి నెలలు పట్టవచ్చు. చలికాలంలో సంపాదించిన గుడ్లు వేసవిలో పోతాయి. తెలుగు ప్రాంతాల్లో అదనపు వెలుతురు వాడేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదే: ఇక్కడ దీపాన్ని చలికాలపు ఉపాయంగా కాక, కోడి గుడ్లు పెట్టే కాలమంతటికీ చెందిన ఏర్పాటుగా చూడాలి.

## ఏడాది పొడవునా 14 గంటల పద్ధతి

పెరటి కోళ్ళకు అనువైన సులభ మార్గం వెలుతురు వేళలను గడియారానికి కట్టివేయడం. ఉదయం 5 గంటల నుంచి రాత్రి 7 గంటల వరకు వెలుతురు ఉండేలా చూస్తే మొత్తం 14 గంటలు అవుతుంది. గోలేటిలో సూర్యుడు ఏ రోజునా 5 గంటలకు ముందు ఉదయించడు, 7 గంటల తరువాత అస్తమించడు. సంధ్య వెలుగును లెక్కలోకి తీసుకోకపోతే, ఏ రుతువులోనైనా కోడికి అందే పగలు ఒకే నిడివిలో ఉంటుంది. పెరగదు, తరగదు.

డిసెంబరు 21న ఈ పద్ధతిలో దీపం ఉదయం 1 గంట 42 నిమిషాలు, సాయంత్రం 1 గంట 20 నిమిషాలు, అంటే మొత్తం సుమారు 3 గంటలు వెలగాలి. జూన్ 21న ఉదయం 36 నిమిషాలు, సాయంత్రం 6 నిమిషాలు సరిపోతుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాలకు అరగంట అటూఇటూ దీపం అదనంగా వెలిగినా నష్టం లేదు. పగటి వెలుతురులో దీపం ప్రభావం ఏమీ ఉండదు.

మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారిగా 3 గంటలు పెంచరాదు. ఆ రోజు పగటి నిడివితో ప్రారంభించి, వారానికి అరగంట చొప్పున పెంచుతూ 14 గంటలకు తీసుకురావాలి. ఆశ్వయుజ మాసం నాటికి, పగలు బాగా కురచ కాకముందే మొదలుపెడితే ఈ పెంపు తేలికవుతుంది. గుడ్లు పూర్తిగా ఆగిపోయాక దీపం పెడితే, కోడి తిరిగి గుడ్లకు రావడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది.

సాయంత్రం దీపం ఆర్పడంలో ఒక జాగ్రత్త ఉంది. కోడికి చీకట్లో చూపు ఆనదు. ఒక్కసారిగా చీకటి కమ్మితే దండె ఎక్కలేక నేల మీదే గుమిగూడి, ఒకదాని మీద ఒకటి పడతాయి. కోళ్ళు పొద్దుగూకేసరికే గూట్లో చేరి దండె మీద కూర్చునేలా అలవాటు చేయడం, లేదా పెద్ద దీపం ఆర్పిన తరువాత పది, పదిహేను నిమిషాలు సన్నని దీపం ఉంచడం దీనికి పరిష్కారాలు. ఈ ఇబ్బంది వద్దనుకునేవారు మొత్తం అదనపు వెలుతురును తెల్లవారుజామునే ఇస్తారు. అప్పుడు చీకటి సహజంగా పడుతుంది. కానీ సూర్యాస్తమయ సమయం మారుతున్న కొద్దీ దీపం వేళను కూడా మారుస్తూ ఉండాలి.

## దీపం ఎంపిక, అమరిక

కోడి తల ఎత్తులో 10 నుంచి 20 లక్స్ వెలుతురు గుడ్ల కోళ్ళకు చాలు. కొలిచే పరికరం లేనప్పుడు, ఆ ఎత్తులో వార్తాపత్రికను చదవగలిగితే వెలుతురు సరిపోయినట్లు భావిస్తారు. వెన్నెల వెలుతురు ఒక లక్స్‌లో మూడో వంతుకు కూడా మించదు కాబట్టి పున్నమి రాత్రుల ప్రభావం లెక్కలోకి రాదు.

పాత కాలంలో 40 వాట్ల ఫిలమెంటు బల్బును, సుమారు 7 అడుగుల ఎత్తున, 150 నుంచి 200 చదరపు అడుగులకు ఒకటి చొప్పున వాడేవారు. అంతే వెలుతురును నేడు 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తుంది. పెరటి గూటికి అంతకంటే చిన్నది కూడా చాలు. నీలి ఛాయ ఉన్న తెల్ల దీపం కంటే పసుపు ఛాయ ఉన్న దీపం మేలు. దానిలో ఎరుపు, నారింజ కాంతి పాలు ఎక్కువ.

* పెద్ద షెడ్డులో బల్బుల మధ్య దూరం, వాటి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు మించకుండా ఉండాలి. లేకపోతే మధ్యలో చీకటి నీడలు పడతాయి.
* వెలుతురు దండె మీద, మేత తొట్టి మీద, నీటి మీద పడాలి. గుడ్లు పెట్టే పెట్టెలోకి నేరుగా పడకూడదు. పెట్ట మసక చీకటిలో గుడ్డు పెట్టడానికి ఇష్టపడుతుంది.
* బల్బు మీద చేరిన దుమ్ము వెలుతురును తగ్గిస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు రవాణా దారులు దగ్గరగా ఉన్న చోట్ల వారానికి ఒకసారైనా, దీపం ఆర్పి చల్లబడ్డాక, పొడి గుడ్డతో తుడవాలి.
* గడ్డి, ఊక, పాత గోనె సంచులు ఉన్న గూట్లో వేడెక్కే ఫిలమెంటు బల్బు నిప్పుకు కారణం కావచ్చు. తీగ అతుకులు బయటికి ఉండరాదు. పక్షి ఎగిరినా తగలనంత ఎత్తులో, జాలీ తొడుగు లోపల బల్బును బిగించాలి.

దీపాన్ని రోజూ చేత్తో వేసి ఆర్పడం నమ్మదగినది కాదు. షిఫ్టుల ప్రకారం పనిచేసే ఇళ్ళలో ఒక వారం తెల్లవారుజామున లేచేవారు మరుసటి వారం రాత్రి విధుల్లో ఉంటారు. టైమరు ఉంటే ఈ చిక్కు ఉండదు. తిరిగే ముల్లు గల టైమరు కరెంటు పోయినప్పుడు ఆగిపోయి వెనకబడుతుంది కాబట్టి వారానికి ఒకసారి వేళ సరిచూడాలి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరుకు ఈ ఇబ్బంది లేదు. ఒకటి రెండు రోజులు కరెంటు లేకపోయినంత మాత్రాన గుడ్లు ఆగవు. వారాల తరబడి వేళాపాళా లేకుండా వెలిగించడమే నష్టం.

## కోడి వయసు, జాతి

ఎదుగుతున్న పెట్టలకు ముందుగా అదనపు వెలుతురు ఇస్తే శరీరం పూర్తిగా పెరగకముందే గుడ్లకు వస్తాయి. అలాంటి కోళ్ళు చిన్న గుడ్లు పెడతాయి. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు అండవాహిక చివరి భాగం బయటికి పొడుచుకు వచ్చే ప్రమాదం కూడా ఉంది. తెల్ల లెగ్‌హార్న్ రకాల్లో సుమారు 18 వారాల వయసు, సుమారు 1.2 కిలోల బరువు వచ్చిన తరువాతే వెలుతురు పెంచడం మొదలుపెడతారు. వయసు వచ్చినా బరువు రాకపోతే ఆగుతారు.

జాతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం 1988లో ప్రాజెక్టు డైరెక్టరేటుగా ఏర్పడింది. పెరటి పెంపకం కోసం అది వనరాజ, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించింది. వీటిలో గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం, వనరాజ గుడ్లు, మాంసం రెండింటి కోసం ఉద్దేశించినవి. గ్రామప్రియ వంటి కోడికి దీపం వల్ల స్పష్టమైన లాభం ఉంటుంది.

నాటు కోడి సంగతి వేరు. అది పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఆపైన పిల్లలను సాకుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం గుడ్లు లేకపోవడానికి కారణం పొదుగు స్వభావమే తప్ప చీకటి కాదు. పొదుగుకు కూర్చున్న కోడిని దీపం లేపలేదు. నాటు కోళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లో దీపం ఖర్చు వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

## మేత, నీరు

దీపం గుడ్డును తయారు చేయదు, తయారు చేయమని ఆదేశం మాత్రమే ఇస్తుంది. ముడిసరుకు మేత నుంచి రావాలి. గుడ్లు పెట్టే సంకర జాతి కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదంతా వంటబట్టదు కాబట్టి రోజుకు 3.5 నుంచి 4 గ్రాముల కాల్షియం అందించాలి. నత్తగుల్ల లేదా ఆల్చిప్పల ముక్కలను వేరే గిన్నెలో పెడితే కోడి తనకు కావలసినంత తింటుంది.

నూకలు, తౌడు, ఇంట్లో మిగిలిన అన్నంతో మాత్రమే పెరిగే కోడికి దీపం పెడితే, అది తన ఎముకల్లోని కాల్షియాన్ని తీసి పెంకుకు వాడుకుంటుంది. తోలుగుడ్లు, కుంటితనం దీని ఫలితాలు. మేత మెరుగుపరచలేనివారు దీపం జోలికి పోకపోవడమే మంచిది. దీపం వెలిగే వేళలో నీరు కూడా అందుబాటులో ఉండాలి. చలికాలపు తెల్లవారుజామున గోరువెచ్చని నీరు పెడితే కోళ్ళు బాగా తాగుతాయి.

## వేసవిలో దీపం

తెలుగు రాష్ట్రాల్లో గుడ్లకు చలికాలం కంటే వేసవే పెద్ద శత్రువు. కోడికి చెమట గ్రంథులు లేవు. ఎక్కువగా నోరు తెరిచి రొప్పడం ద్వారా వేడిని తగ్గించుకుంటుంది. రొప్పడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకు తయారీకి కావలసిన కార్బొనేటు కొరవడుతుంది, పెంకు పలచబడుతుంది. ఎండలో మేత కూడా తగ్గిస్తుంది. తెల్లవారుజామున 5 గంటలకే దీపం వెలిగితే, ఎండ ఎక్కకముందు చల్లని వేళలో మేత తినే అవకాశం దొరుకుతుంది. పెద్ద ఫారాల్లో మండు వేసవిలో అర్ధరాత్రి ఒక గంట దీపాలు వేసి మేత, నీరు అందించే ఆచారం కూడా ఉంది. ఈ విధంగా చూస్తే, ఏడాది పొడవునా దీపం ఉంచడం వల్ల గోలేటి వంటి ఎండ ప్రాంతంలో రెండు కాలాల్లోనూ ఉపయోగం ఉంటుంది.

## వాణిజ్య పెంపకంలో

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. 2023-24లో దేశపు ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ వాటా 17.85 శాతం, తెలంగాణ వాటా 12.88 శాతం. తెలంగాణది తమిళనాడు తరువాత మూడవ స్థానం. ఆధునిక కోళ్ళ పరిశ్రమ విస్తరణలో తెలుగువాడైన బండా వాసుదేవరావు పాత్ర ప్రధానమైనది. ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించాడు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పాటుకు నాయకత్వం వహించాడు.

తణుకు, అనపర్తి వంటి చోట్ల ఉన్న గుడ్ల ఫారాల్లో చాలా భాగం పక్కలు తెరిచి ఉన్న షెడ్లే. సహజ కాంతి లోపలికి వస్తుంది కాబట్టి, పగటి నిడివిని లెక్కించి మిగిలిన గంటలను దీపాలతో నింపి సుమారు 16 గంటలు చేస్తారు. కార్తీక మాసంలో తెలుగువారిలో చాలామంది మాంసం, గుడ్లు మానేస్తారు. ఆ మాసం ముగిశాక గిరాకీ పెరుగుతుంది. ఉత్తర భారతంలో చలి పెరగడంతో అక్కడి కొనుగోళ్ళు కూడా ఎక్కువవుతాయి. గుడ్డు ధర పెరిగే ఈ కాలమే, దీపం లేని పెరటిలో గుడ్లు తగ్గే కాలం కావడం గమనించదగిన విషయం. గుడ్డును కొనుక్కోవడం భారంగా ఉండే ఇంట్లో పిల్లలకూ, బాలింతలకూ చవకగా దొరికే మాంసకృత్తులు ఈ గుడ్డులోనివే.

## ఖర్చు

5 వాట్ల బల్బు డిసెంబరులో రోజుకు 3 గంటలు వెలిగితే నెలకు అర యూనిట్టు కంటే తక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది. 14 గంటల పద్ధతిలో ఏడాది మొత్తానికి సుమారు మూడున్నర యూనిట్లు అవుతుంది. అదే పని 40 వాట్ల ఫిలమెంటు బల్బుతో చేస్తే ఏడాదికి సుమారు 28 యూనిట్లు పడుతుంది. ఎల్‌ఈడీ బల్బుతో నెలవారీ విద్యుత్తు ఖర్చు ఒక గుడ్డు ధరకు మించదు. అసలు ఖర్చు టైమరు, తీగలు, అన్నిటికంటే ముఖ్యంగా మెరుగైన దాణా మీద ఉంటుంది.

## విశ్రాంతి, ఈకలు రాల్చడం

కోళ్ళు ఏటా పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. ఈకలో దాదాపు మొత్తం మాంసకృత్తే. అందువల్ల ఈ రెండు మూడు నెలల్లో గుడ్లు ఆగుతాయి. ఈ సమయంలో అండవాహిక కుదించుకుని, తిరిగి కొత్తగా తయారవుతుంది, ఎముకల్లో కాల్షియం నిల్వలు నిండుతాయి. తరువాత పెట్టే గుడ్ల పెంకు మెరుగ్గా ఉంటుంది.

దీపం వల్ల కోడిలోని గుడ్లు ముందుగా అయిపోతాయనే అభిప్రాయం ఒకటి ఉంది. ఇది సరికాదు. పెట్టపిల్ల అండాశయంలో జీవితకాలంలో పెట్టగలిగిన దానికంటే ఎన్నో రెట్లు అండాలు ఉంటాయి. అయితే విరామం లేకుండా గుడ్లు పెట్టించడం వల్ల శరీరం అలసిపోతుందన్న మాటలో నిజముంది. ఎముకలు గుల్లబారడం, అండవాహిక జబ్బులు ఎక్కువ గుడ్లు పెట్టే కోళ్ళలో అధికం. రోజులో కనీసం 8 గంటల చీకటి తప్పనిసరి. పెరటి కోళ్ళను మూడు నాలుగేళ్ళు ఉంచుకోదలచినవారు మొదటి ఏడాది చలికాలంలో దీపం ఇచ్చి, తరువాత ఈకలు రాల్చే వేళకు వారానికి అరగంట చొప్పున వెలుతురు తగ్గించి, కోడికి విశ్రాంతి ఇస్తారు. కొత్త ఈకలు పూర్తిగా వచ్చాక మళ్ళీ క్రమంగా పెంచుతారు. ఈ తగ్గింపు యజమాని ఎంచుకున్న కాలంలో, మేత బాగా అందే రోజుల్లో జరగాలి. మండు వేసవిలో, అనుకోకుండా జరగకూడదు.

## ఇతర జాగ్రత్తలు

* గుడ్లు తగ్గిన ప్రతిసారీ వెలుతురే కారణమని భావించరాదు. గోమార్లు, నులిపురుగులు, కొక్కెర వంటి జబ్బులు, ముసలితనం, కొత్త కోళ్ళ రాక వల్ల కలిగే బెదురు కూడా కారణాలు కావచ్చు.
* వెలుతురుకు పురుగులు, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు చేరతాయి. జంగుపిల్లి, ముంగిస కూడా తిరిగే చోట్ల గూటికి సన్నని జాలీ బిగించాలి.
* వీధి దీపం లేదా గని ఆవరణలోని పెద్ద దీపాల వెలుతురు గూట్లోకి నేరుగా పడితే రాత్రి చీకటి చెడుతుంది. ఆ వైపు గోనె పరదా కట్టాలి.
* వెలుతురు అతిగా ఉంటే కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.
* దగ్గర దగ్గర ఇళ్ళున్న క్వార్టర్లలో దీపం వెలిగిన వెంటనే పుంజు కూత మొదలవుతుంది. గుడ్ల కోసం పుంజు అవసరం లేదు. పొదిగించి పిల్లలు చేయించదలచినప్పుడే పుంజు కావాలి.

## ఇవి కూడా చూడండి

* కోడి
* గుడ్డు
* పౌష్టికాహారం
* గోలేటి
* సింగరేణి కాలరీస్ కంపెనీ